పిల్లి నోట అమ్మ గొంతు

పాత కంప్యూటర్లు తీసుకెళ్లడానికి మధ్యాహ్నం బండి వస్తోందని బడి నుంచి మాస్టారు ఫోను చేయగానే, అతను ఆఫీసులో సెలవైనా అడగకుండా పరుగెత్తుకొచ్చాడు. బళ్లో అందరూ అతన్ని తొందరోడు అనేవారు. ముప్పై దాటినా ఆ పేరుకు మచ్చ రానివ్వలేదు.

మూలనున్న పదకొండో కంప్యూటరు ముందు కూర్చుని స్విచ్ వేశాడు. అందులో అమ్మ గొంతుంది. అమ్మ పోయి అయిదేళ్లయింది. ఎవరైనా వీడియో తీద్దామని ఫోను పైకెత్తితే చాలు మొహం చాటేసే మనిషి. ఆమె గొంతు ఇంకెక్కడా మిగల్లేదు.

బళ్లో చదివే రోజుల్లో వాళ్లకు ప్రోగ్రాము అంటే రాసేది కాదు, పేర్చేది. రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు, తెర మీది పిల్లి చెప్పినట్టల్లా ఆడేది. ఇప్పుడు పొద్దస్తమానం సన్నటి అక్షరాలతో కుస్తీ పట్టే అతనికి ఆ సుఖం తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పదేళ్ల వయసులో, మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి బడికొచ్చిన అమ్మను మైకు ముందు నిలబెట్టి, పిల్లిని పిలవమన్నాడు. ఆమె సిగ్గుపడుతూనే పిలిచింది. ఆ గొంతును ఆగకుండా తిరిగే బ్లాకులో పెట్టాడు. అక్కడే కొంప మునిగింది. మాట పూర్తయ్యేదాకా ఆగే బ్లాకు పెట్టాల్సిన చోట, మాట మొదలుపెట్టి ఊరుకునే బ్లాకు పెట్టాడు; మాట పూర్తికాకముందే మళ్లీ మొదటికొచ్చేది. ఇంకేముంది, క్లాసులో అందరి ముందూ పిల్లి నోట "పి... పి... పి..." తప్ప ఇంకో మాట లేదు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. తల కొట్టేసినట్టయి, దాన్ని మళ్లీ తెరవలేదు. "నా గొంతు నాకూ వినిపించరా" అని అమ్మ రెండు మూడు సార్లు అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాడు. అందుకు తనను తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

"ఏరా, దొరికిందా? బండి గేటు దాకా వచ్చేసింది" అన్నారు మాస్టారు గుమ్మంలోంచి.

"ఒక్క నిమిషం మాస్టారూ!"

"నీ నిమిషాలు నాకు తెలియవూ! కానీ, కానీ. వాళ్లను కబుర్లలో పెడతాలే."

ఫైలు దొరికింది. ముందు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. అలాగే లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఆ తప్పును అలాగే మోసుకెళ్లబుద్ధి కాలేదు. పాత బ్లాకు లాగి పారేసి, సరైనది నింపాదిగా తగిలించి, నొక్కాడు.

"పిల్లీ, పిల్లీ, ఇంటికి రా. పాలు పోస్తా."

అతనికి గుర్తున్నది అంతే. ఆనాడు రికార్డింగు ఆపడం మరిచినట్టున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది, తర్వాత మళ్లీ అమ్మే.

"బాగా చెప్పానా నాన్నా? నలుగురిలో నీ పరువు తీయలేదు కదా?"

అతనికి ఏడుపు ఆగలేదు.

"చాలా బాగా చెప్పావమ్మా" అన్నాడు ఖాళీ గదిలో, పైకే. "తప్పు నాది."