వెనక సీటుకు పాలసీ లేదు

కెలమంగలంలో ఎవరు కారు కొన్నా మొదట గుడికి పోయి నిమ్మకాయలు తొక్కిస్తారు, ఆ తర్వాత మా ఇంటికి వస్తారు. "సీతమ్మక్కా, ఇన్సూరెన్సు ఏ కంపెనీది మంచిది?" అని అడుగుతారు. వాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మరీ తిడతాను. కంపెనీ మంచిదో కాదో కట్టేటప్పుడు ఎవరికి తెలుస్తుంది? అల్లుడి గుణం పెళ్ళిచూపుల్లో తెలుస్తుందా? బండికి దెబ్బ తగిలిన రోజు రావాలి, అప్పుడు తెలుస్తుంది. నాకు ఎనభై మూడులో తెలిసింది.

అప్పట్లో మాకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. మా ఆయన హనుమంతయ్యకు బజారులో నూనె, పశువుల దాణా అమ్మే అంగడి. ఆ అంగడికి కారెందుకు? ఎద్దులబండి చాలు. కారు ఎందుకు కొన్నాడో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పెళ్ళయిన కొత్తలో నాకు నొప్పులు వచ్చినప్పుడు హోసూరు పోవడానికి మోటారు బండి దొరకలేదు. ఎద్దులబండిలో పోతుంటే దారిలోనే బిడ్డ పోయింది. మళ్ళీ నా కడుపు పండలేదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఈయన చేసిన మొదటి పని కారు కొనడం.

వెనక సీటు మీద ఎప్పుడూ ఒక జంపఖానా, ఒక దిండు ఉంచేవాడు. చుట్టుపక్కల ఏ పల్లెలో ఏ ఆడమనిషికి నొప్పులు వచ్చాయని కబురొచ్చినా, అంగడి తలుపులు వేసి బండి తీసేవాడు. పైసా ముట్టడు. నేను మాత్రం ఎప్పుడు ఎక్కినా ముందు సీట్లోనే కూర్చునేదాన్ని. ఆ వెనక సీటు నా ఇంటికి ఆలస్యంగా వచ్చింది. దాని మీద నాకు కోపం. సీటు మీద కోపమేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి.

ఇక పాలసీ సంగతి. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇచ్చే చిన్న పాలసీ చాలని మా ఆయన. మన బండికీ ఇచ్చే పెద్ద పాలసీ కట్టాల్సిందేనని నేను. ఎవరి మాట నెగ్గిందో చెప్పక్కర్లేదు. ఏజెంటు బాలసుబ్రమణ్యాన్ని నడవాలో కూర్చోబెట్టి అడిగాను.

"బండి గుద్దుకుంటే?"

"కంపెనీ ఇస్తాదమ్మా."

"కాలిపోతే? దొంగలెత్తుకోని పోతే?"

"అన్నిటికీ ఇస్తాది."

"లోపల కూర్చున్నోళ్ళకి?"

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "తోలేవాళ్ళకి వేరే కట్టొచ్చు. వెనక సీటు వాళ్ళకి ఇందులో లేదమ్మా."

"వెనక సీటు కోసమే కదప్పా మేము బండి కొన్నింది!"

బాలసుబ్రమణ్యం నవ్వేశాడు. అదేం మాటో అతనికి అర్థం కాలేదు. "సరే, ఏమన్నా అయితే నువ్వు వస్తావా?" అన్నాను. "ఒక్క మాట చెప్పి పంపీమ్మా, పరిగెత్తుకోని వస్తాను" అన్నాడు. ఆ పరుగు తర్వాత చూశాను.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు, పక్క పల్లెలో పట్టుపురుగులు మేపే మునెప్ప మా గడపలోకి ఉరికొచ్చాడు. అతని కూతురు అంజనమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. తల్లి లేని పిల్ల. పొద్దుటినుంచి నొప్పులు పడుతోంది. మా ఆయన బండి తీశాడు, నేనూ ఎక్కాను. హోసూరులో చూసిన డాక్టరమ్మ, బిడ్డ అడ్డం తిరిగింది, కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. ఆ దారి పొడుగునా నేను ముందు సీట్లోంచి వెనక్కు తిరిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉన్నాను. నా గాజులు రెండు చిట్లిపోయాయి. "అమ్మా, అమ్మా" అని అరుస్తోంది. చచ్చిపోయిన తల్లిని పిలుస్తోందో, నన్నే పిలుస్తోందో, నేను మాత్రం ప్రతిసారీ "ఉండాను, ఉండాను" అంటూనే పోయాను.

దేవుడి దయ, తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. నేను ఆసుపత్రిలో ఉండిపోయాను. పాత గుడ్డలు, గిన్నెలు తేవడానికి మా ఆయన, మునెప్ప మరునాడు పొద్దున తిరుగు ప్రయాణమయ్యారు. శూలగిరి దాటాక ఒక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఈయన గొర్రెల్ని తప్పించబోయి చింతచెట్టుకు కొట్టాడు. మునెప్ప నుదురు చీరుకుంది, ఈయన చెయ్యి విరిగింది. బండి మూతి మొత్తం లోపలికి పోయింది. బాగుచేయించాలంటే అంగడిలో సరుకంతా అమ్మినా చాలదని మేస్త్రీ తేల్చేశాడు. కంపెనీ ఇస్తే బండి ఉంటుంది, లేకపోతే ఇనుపసామాన్ల వాడికే. అప్పుడు ఇంకో పిల్లకు నొప్పులు వస్తే? మళ్ళీ ఎద్దులబండే కదా. నాకు రాత్రింబవళ్ళు అదే గుబులు.

బాలసుబ్రమణ్యానికి ఒకటికి నాలుగు కబుర్లు పంపాను. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం, ఎక్కడ దొరుకుతాడు? కృష్ణగిరి ఆఫీసుకు నేనే బస్సెక్కాను. ఒక బల్ల దగ్గర ఆ బల్లకు పొమ్మంటారు, ఆ బల్ల దగ్గర భోజనానికి పోయారంటారు. అడగందే అమ్మైనా పెట్టదు కదా, నేను అడుగుతూనే ఉన్నాను. మూడోసారి పోయినప్పుడు నా గొంతు మేడ మీదికి వినపడిందట. ద్వారకనాథ్ అనే ఆఫీసరు దిగివచ్చి కుర్చీ వేయించాడు. "నేనే వచ్చి విచారిస్తానమ్మా. మీ ఆయన వెంట బండిలో ఉండినాయన సాక్ష్యం కావల" అన్నాడు. మర్యాద గల మనిషి. అన్నమాట ప్రకారం వచ్చాడు కూడా. వచ్చిన రోజే కొంప ముంచింది.

ఆ రోజు మునెప్ప ఇంట్లో బిడ్డకు పేరు పెడుతున్నారు, మేమూ పోయాం. డెంకణికోట నుంచి అంజనమ్మ అత్తగారు వెంకటసుబ్బమ్మ, వాళ్ళ బంధువులు దిగారు. ఆవిడ పొద్దుటినుంచి ఒకటే సన్నాయి నొక్కులు. "కాన్పుకి పుట్టింటికి పంపితే, ఎవరి బండో అడుక్కోని పోయినారంట కదా" అంటోంది. మునెప్ప వినీ విననట్టు తువ్వాలు సర్దుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు ద్వారకనాథ్ అరుగు మీద కూర్చుని, నలుగురూ వింటుండగా అడిగాడు.

"మునెప్పా, ఉండేది ఉన్నట్టు చెప్పప్పా. ఆ బండిలో ఊరకే ఎక్కినావా, బాడుగ ఇచ్చినావా?"

మునెప్ప ముఖం ఎర్రబడింది. వియ్యపురాలి వైపు ఒకసారి చూశాడు.

"ఏం మాట సార్ అది? ఊరకే ఎక్కేదానికి మేమేమన్నా దిక్కులేనోళ్ళమా? బాడుగ ఇచ్చినాను. రొక్కంగా ఇచ్చినాను."

ద్వారకనాథ్ పెన్ను మూసి నా వైపు తిరిగాడు. "అయితే క్లెయిము రాదమ్మా. ఇది సొంతానికి వాడుకునే బండి. బాడుగకి తోలితే కంపెనీ ఇచ్చేదానికి లేదు."

అప్పటికి గాని మునెప్పకు తను ఏం చేశాడో తెలియలేదు. నోరు తెరిచాడు, మూశాడు. ఎదురుగా వెంకటసుబ్బమ్మ. ఇప్పుడు 'ఊరకే ఎక్కినాను' అంటే ఆ మాట డెంకణికోట చేరుతుంది, అంజనమ్మ బతికినన్నాళ్ళూ దెప్పుతారు. అనకపోతే మా బండి పోతుంది. చెట్టంత మనిషి తువ్వాలు మెలిపెడుతున్నాడు.

నేను లేచాను. ఒళ్ళు మండిపోతోంది. బాడుగా! పైసా ముట్టని మనిషిని పట్టుకుని బాడుగకు తోలాడని చెప్తావా? ఉన్నది ఉన్నట్టు అందరి ముందూ కడిగి పారేద్దామని నోరు తెరిచాను. మా ఆయన మంచి చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సీతా. వియ్యంకుల ముందర వాని తల వంచొద్దు. బండి పోతే పోనీ."

"ఆ బండి పోతే ఎట్లండీ?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"బిడ్డ బతికింది కదా. ఆ బండి కొన్నింది అందుకే కదా."

నేను కూర్చున్నాను. నా జీవితంలో తిట్టాల్సిన చోట తిట్టకుండా కూర్చున్నది ఆ ఒక్కసారే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు గడప లోపలినుంచి అంజనమ్మ బయటికి వచ్చింది, చేతుల్లో బిడ్డతో. బాలింత, ముఖం పాలిపోయి ఉంది. అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, బండెక్కింది నేను. నన్నడగండి."

"చెప్పమ్మా."

"కాన్పంటే ఆడదానికి ఇంకో పుట్టుక అంటారు కదా సార్. నేను మళ్ళా పుట్టింది ఆ బండిలో. ఈయమ్మ చెయ్యి పట్టుకోని పుట్టినాను. మరి అది నాకి పుట్టిల్లు కాదా? పుట్టింటి బండికి బాడుగ యాడన్నా ఇస్తారా? మీ చెల్లెలు మీ బండెక్కితే మీరు తీసుకుంటారా సార్?"

చెప్పి, బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టింది. అడగలేదు, చూడలేదు, తన ఇంట్లో తన తల్లి ఒళ్ళో పెట్టినట్టు పెట్టేసింది. పసిగుడ్డు వెచ్చగా ఉంది. నాకు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మునెప్ప భోరుమన్నాడు. "ఔను సార్. ఇయ్యలేదు. ఇచ్చేదానికి పోయింటే ఈ సీతమ్మ ఊరుకుంటుందా, నాలుగు తగిలిచ్చి పంపుండేది!"

అరుగు మీద అందరూ నవ్వారు. వెంకటసుబ్బమ్మ మాత్రం తగ్గుతుందా? బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అట్లయితే సారె కూడా రెండు పుట్టిళ్ళ నుంచీ రావల మాకి!" అంది.

"వస్తాదిలేమ్మా. మోసేదానికి నీ కొడుకుని పిల్చుకోని రా" అన్నాను. నా నోరు నాకు తిరిగొచ్చింది.

ద్వారకనాథ్ నవ్వలేదు. నా ఒళ్ళో బిడ్డను కాసేపు చూశాడు. ముందు రాసింది అడ్డంగా కొట్టేసి, మళ్ళీ రాసి, మునెప్ప చేత, అంజనమ్మ చేత సంతకాలు పెట్టించుకున్నాడు. "బంధువులని రాసినానమ్మా" అని లేచాడు.

కంపెనీ ఇచ్చింది. పాత బండి అని కొంత కోసి, రబ్బరు సామాన్లని ఇంకొంత కోసి, ఇచ్చింది. రంగుకు చాలక ముందు భాగం ఒక తెలుపు, వెనక భాగం ఒక తెలుపు అయింది. బాలసుబ్రమణ్యం ఆ మరుసటి వారమే స్వీటు పొట్లంతో వచ్చాడు, తనే ఇప్పించినట్టు. పొట్లం తీసుకుని తిట్టి పంపాను.

బిడ్డకు మెడ నిలిచాక అంజనమ్మను డెంకణికోటకు దింపే రోజు వచ్చింది. చీర, రవిక, పసుపు, కుంకుమ, అరిసెలు, చలిమిడి, అన్నీ మా ఇంటి నుంచి ఒక సారె, మునెప్ప ఇంటి నుంచి ఒక సారె. అలవాటు ప్రకారం ముందు డోరు తీశాను. అక్కడ మునెప్ప, ఒళ్ళో గంపతో, కాళ్ళ దగ్గర బిందెతో కూర్చుని ఉన్నాడు. దిగబోయాడు.

వెనక నుంచి అంజనమ్మ జరిగి చోటిచ్చింది. "అమ్మా, ఈడికి రా. బిడ్డను పట్టుకో."

ఆ డోరు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత ఎక్కి జంపఖానా మీద కూర్చున్నాను. బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాను. అది నా మంగళసూత్రం పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. మా ఆయన అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. తాళం తిప్పడం మరిచిపోయాడు.

"ఏమండీ, పోదామా?" అన్నాను.

బండి కదిలింది. ఎంత మెల్లిగా అంటే, గడ్డిబండ్లు మమ్మల్ని దాటిపోతున్నాయి. ఒక సైకిలువాడు కూడా దాటి, వెనక్కు తిరిగి నవ్వాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పెద్ద పాలసీ కట్టినాము కదండీ, యాల ఇంత భయం? కొంచం తోలండి!"

ఆయన అద్దంలోంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "వెనక సీటుకి పాలసీ లేదని ఆ బాలసుబ్రమణ్యం చెప్పినాడు కదే."

బిడ్డ తల కింద చెయ్యి సర్దుకున్నాను.

"సరే, మెల్లిగానే పోనీండి" అన్నాను.