కాలరు లోపలి పచ్చదారం

వైదేహీ, మన పాతబట్టల సంచి దుకాణంలో ఇచ్చి రావడానికి అంత తొందరేం లేదు. ముందు ఇటు వచ్చి ఈ అవ్వ పక్కన కూర్చో. సంచి మూతి ముడి వేసే ముందు నీకొక చొక్కా సంగతి చెప్పాలి.

మనముండే ఈ అరబ్బు ఊళ్ళో, అల్ కుసైస్‌లోని ఆ ధర్మ దుకాణాన్ని నాకు మొదట చూపించింది లచ్చన్న. మా ఊరివాడే, నాకు అక్కకొడుకు వరస. మీ నాన్న కంపెనీలోనే తాపీపని చేసేవాడు. శుక్రవారం వస్తే చాలు, కూలీల క్యాంపు నుంచి మనింటికి వచ్చి నా చేతి జొన్నరొట్టె తిని, సాయంత్రం నన్ను అక్కడికి తీసుకుపోయేవాడు. ఎవరెవరో ఇచ్చేసిన బట్టలు ఉతికి, గిన్నెలు తోమి, తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బు బీదలకు పెడతారట. నువ్వు నీళ్ళు తాగే ఆ పువ్వుల గ్లాసు అక్కడిదే. లచ్చన్న మాత్రం తనకంటూ ఏదీ కొనేవాడు కాదు. కూతురికి బడిసంచి, పెళ్ళాం గౌరవ్వకు అద్దం, అంతే. ఒక్కసారి నేనే పట్టుబట్టి నీలం గళ్ళ చొక్కా కొనిపించాను.

తొడుక్కుని నిలబడి, "ఆఫీసుల ముదీర్ లెక్క ఉన్ననా చిన్నమ్మా?" అన్నాడు.

"మీ మేనేజరుకు నీ అంత బొజ్జ లేదురా" అన్నాను.

ఆ యేడు సెలవుకు ఆ చొక్కాతోనే ఊరికి పోయాడు. క్యాంపులో అందరి బట్టలూ ఒకే చోట ఉతికి ఆరేస్తారు కదా, ఒకరివి ఒకరికి పోతుంటాయి. అందుకని గౌరవ్వ అతని చొక్కాలన్నిటికీ కాలరు లోపల పచ్చదారంతో చిన్న ఇంటూ గుర్తు కుట్టి పంపింది.

కరోనా వచ్చిన యేడు ఎండాకాలంలో లచ్చన్న ఆసుపత్రికి పోయాడు. మళ్ళీ రాలేదు. ఊరికి పంపే వీలు లేదని ఇక్కడే మట్టిలో పెట్టారు. మనవాళ్ళొక్కరూ దగ్గర లేరు. నెల దాటాక క్యాంపు వాళ్ళు అతని సంచి తెచ్చి మీ నాన్నకు ఇచ్చారు. కాగితాలు, ఫోను మీ నాన్న దాచాడు. బట్టలు మిగిలాయి. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని మా పట్టింపు. ఊళ్ళో అయితే చాకలికి ఇచ్చేస్తాం. ఇక్కడ చాకలి ఎక్కడ దొరుకుతాడు? నాకు తోచింది ఆ దుకాణమే. మర్నాడే మోసుకుపోయి ఇచ్చి వచ్చాను. మంచిపనే చేశాననుకున్నాను బిడ్డా.

పది రోజులు తిరక్కుండా గౌరవ్వ ఫోను చేసింది. వాళ్ళ ఇంటి ఆచారం దహనం. శవం లేదు కనుక గడ్డిబొమ్మ చేసి, అతను తొడిగిన బట్ట దానికి తొడిగి కాల్చాలని పెద్దలు చెప్పారట. ఇంట్లో ఉన్న అతని బట్టలను కబురు తెలిసిన మూడోనాడే ఆమె కూడా నాలాగే చాకలికి ఇచ్చేసింది.

"అత్తా, ఆయన చెమటంటిన అంగి ఒక్కటి పంపు. ఇంకేం అడగ" అంది.

నేనూ ఇచ్చేశానని చెప్పడానికి నోరు రాలేదు. పంపుతానన్నాను.

ఆ సాయంత్రమే మాస్కు కట్టుకుని దుకాణానికి పోయాను. మగవాళ్ళ చొక్కాలు ఎన్ని వరసలో. నీలం గళ్ళవే ఇరవై ఉన్నాయి. ఒక్కొక్క కాలరు ఎత్తి చూస్తూ పోయాను. రెండోనాడు అక్కడ పనిచేసే సర్వర్ బేగం నా దగ్గరికి వచ్చింది. కడప మనిషి, నోరు కాస్త పెద్దది.

"ఏం అవ్వా, కొనేది లేదు గానీ కాలర్లు లెక్కబెట్టేకి వచ్చినావా?" అంది.

ఉన్న సంగతంతా చెప్పాను. ఆమె మళ్ళీ ఎగతాళి చేయలేదు. నాకు స్టూలు వేసి, తాను ఇంకో వైపు నుంచి కాలర్లు తిప్పడం మొదలుపెట్టింది. సగం అమ్ముడైపోయాయని, ఆశ పెట్టుకోవద్దని మాత్రం చెప్పింది.

మూడోనాడు దొరికింది. లచ్చన్న దాన్ని కొన్న వరసలోనే, మళ్ళీ ధర చీటీ కట్టించుకుని వేలాడుతోంది. కాలరు ఎత్తితే పచ్చదారం. గబగబా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు, ఇస్త్రీ వాసన. అంతే.

సర్వర్ బేగం తల వంచుకుంది. "ఉతక్కుండా ఏదీ తగిలించము అవ్వా" అంది. డబ్బు పుచ్చుకోలేదు.

విమానాలు మొదలయ్యాక, ఊరికి పోయే మనిషి చేతికి ఇచ్చి పంపాం. బొమ్మను కాల్చేనాడు మీ అమ్మ ఫోనులో వీడియో కాల్ పెట్టి చూపించింది. గౌరవ్వ ముందు కాలరు ఎత్తి చూసింది. తర్వాత చొక్కాను ముఖానికి ఆనించుకుంది.

"ఉతికిండ్రా అత్తా?"

ఇక దాచలేదు. నేనే ఇచ్చేశానని, వెతికి తెచ్చానని, తప్పు నాదేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నేను గూడ ఇచ్చేసిన గద" అంది. వేలితో ఆ దారాన్ని తడుముకుంది. "ఆయన వాసన లేకపాయె. నా కుట్టన్న ఉన్నది."

గడ్డిబొమ్మకు ఆ చొక్కా తానే తొడిగింది. గుండీలు కింది నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టింది, పనికి పోయే మనిషికి పెట్టినట్టు. అప్పుడు మీ అమ్మ ఫోను తిప్పేసింది. నేను చూడలేకపోయాను.

అందుకే పిలిచాను బిడ్డా. రేపు నీ ఎరుకలో ఇక్కడ ఎవరైనా పోతే, వాళ్ళ సంచి ఇచ్చేసే ముందు ఉతకని బట్ట ఒక్కటి తీసి దాచమని చెప్పు. ఎందుకని అడిగితే లచ్చన్న పేరు, గౌరవ్వ పేరు చెప్పి ఇదంతా చెప్పు. మరిచిపోకు. ఇప్పుడు ఆ సంచి ఇటు తే, ఒక్కసారి కాలర్లు చూస్తాను.