నేను దాటేసిన వాక్యం

మా ఆయన సామల్ చూపు పోయి ఏడు నెలలయింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం. గొర్రెల దగ్గరికి వెళ్తూ కంచెను గుద్దుకుని, "దీన్ని ఇక్కడికెవడు జరిపాడు?" అని అరిచే మనిషి గురించి ఊరికి తెలియకుండా ఉంటుందా? మా దీవి జనం మంచివాళ్ళు కాబట్టి నోరు విప్పలేదు. లేదా, అడిగితే తామెక్కడ ఇరుక్కుంటామో అని ఊరుకున్నారు.

ఎందుకంటే మా ఊరికి పాస్టరుగారు ఆరు వారాలకోసారి పడవలో వస్తారు, అదీ సముద్రం రానిస్తే. మిగతా ఆదివారాలు ఊరివాళ్ళలోనే ఒకరు పాత ప్రసంగాల పుస్తకం తెరిచి చదవాలి. ఏ ఆదివారానికి ఏ ప్రసంగమో ఏటా అదే. నలభై ఏళ్ళుగా చదివేది సామల్ ఒక్కడే. ఆయన మానేస్తే చర్చికి తాళం పడ్డట్టే. ఉన్న పద్నాలుగు మందిలో ఇంకెవరూ ముందుకు రారు.

అందుకని సాయంత్రాలు నేను పైకి చదివేదాన్ని, ఆయన ఊలు ఉండ చుడుతూ వినేవాడు. శనివారానికి మొత్తం నోటికొచ్చేసేది. ఆదివారం పుస్తకం ముందు పెట్టుకుని, ఎక్కడ తిప్పాలో అక్కడే పేజీ తిప్పేవాడు.

"నువ్వు నాటకాల్లోకి వెళ్ళాల్సింది," అనేదాన్ని.

"నేర్పేదానివి నువ్వున్నావుగా, ఇంకేం," అనేవాడు. ఆ వెంటనే అనేవాడు, "చదువుతూ మధ్యలో ఆగిపోయానంటే మాత్రం, మర్యున్, ఆ రోజే తాళంచెవి పాస్టరుగారికి ఇచ్చేస్తాను. జనాన్ని మోసం చేయలేను." ఇప్పుడు చేస్తున్నదేమిటో ఆయన్నే అడగాలి!

భక్తి ఆయనది. నాది పదకొండేళ్ళ కిందట మా ట్రోండుర్ పడవతోపాటే మునిగిపోయింది. ఇరవై ఆరేళ్ళ కొడుకు. పడవ చెక్కలు దొరికాయి, వాడు దొరకలేదు. ఆ వెంటనే వచ్చిన ఆదివారం ప్రసంగం ఏమిటో తెలుసా? తుఫానులో శిష్యులు వణికిపోతుంటే ప్రభువు పడవలో నిద్రపోయిన కథ. సామల్ గొంతు తడబడకుండా చివరిదాకా చదివాడు. ఆ రోజు ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మండింది నాకు. ఆ తర్వాత కూడా చర్చికి వెళ్తూనే ఉన్నాను, ఆయన ఒక్కడే వెళ్తుంటే చూడలేక. దేవుడికీ నాకూ మాత్రం మాటల్లేవు.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ ఆ ప్రసంగం వంతు వచ్చింది. సోమవారం చదువుతున్నాను. "ఆయన పడవలో నిద్రపోయాడు గాని, పడవ దిగి వెళ్ళిపోలేదు" అని ఒక వాక్యం ఉంది అందులో. అక్కడికి వచ్చేసరికి ఆ మాట నా నోటితో అనలేకపోయాను. ఆ ముక్క దాటేసి కింది వాక్యం అందుకున్నాను. సామల్ ఊలు చుడుతూనే ఉన్నాడు. మంగళవారం కూడా దాటేశాను. అలా శనివారం దాకా.

ఆదివారం అందరం వచ్చాం. మగవాళ్ళు కుడివైపు, మేం ఎడమవైపు. వెనక బల్ల మీద మా పక్కింటి హానుస్ ఎప్పటిలాగే కునుకు తీస్తున్నాడు. సామల్ చక్కగా చదువుకుంటూ పోతున్నాడు. గాలి లేచింది, నీళ్ళు పడవలోకి వచ్చాయి, శిష్యులు కేకలు పెట్టారు. అక్కడ ఆగాడు.

వేలు పేజీ మీదే ఉంది. నోరు తెరిచాడు, మూశాడు. ఎవరో దగ్గారు. ఆ నిశ్శబ్దానికి హానుసే లేచి కూర్చున్నాడంటే చూడండి. నలభై ఏళ్ళ చదువు నావల్ల ఆగిపోతోంది. రేపు ఆ తాళంచెవి పడవెక్కుతుంది.

మా చర్చిలో ఆడవాళ్ళు ప్రసంగం మధ్యలో నోరెత్తడమన్నది లేదు. లేచి నిలబడ్డాను.

"ఆయన పడవలో నిద్రపోయాడు గాని," అన్నాను. అక్కడ నేనూ ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. "ఆయన పడవలో నిద్రపోయాడు గాని, పడవ దిగి వెళ్ళిపోలేదు."

సామల్ తలూపి, తర్వాతి వాక్యం అందుకుని ఆమెన్ దాకా చదివేశాడు.

బయటికి రాగానే హానుస్ పట్టుకున్నాడు. "మర్యునక్కా, ఎన్నేళ్ళుగానో సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు గాఢనిద్ర పట్టేది. పాడుచేశావు గదా!" తర్వాత సామల్ భుజం తట్టి, "అన్నా, మెట్టు ఉంది, చూసుకో. వచ్చే ఆదివారం కలుద్దాం," అన్నాడు. మా ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు.

దారిలో చెయ్యి పట్టుకుని నడిపిస్తూ ఒప్పేసుకున్నాను. "తప్పు నాదే. ఆ వాక్యం నీకు చదవనే లేదు."

"తెలుసు. సోమవారమే తెలిసింది."

"ఏంటీ? అయితే అది నీకు వచ్చా?"

"పదకొండేళ్ళుగా పొద్దున్నే అదే అనుకుని మంచం దిగుతున్నాను. ఎందుకు రాదు?"

"మరి ఎందుకాగావు, ముసలోడా? ప్రాణం పోయింది నాకు! తాళంచెవి ఇచ్చేయాల్సి వచ్చేదే!"

"చెబుదామనే నోరు తెరిచాను," అన్నాడు. "నువ్వు దాటలేక వదిలేసిన మాటను నేనొక్కణ్ణీ అనేసి ముందుకు పోతే, నిన్ను అక్కడే వదిలేసి వెళ్ళినట్టు అనిపించింది. అందుకే నీకోసం ఆగాను."

దారి మధ్యలోనే నిలబడి ఏడ్చాను. పదకొండేళ్ళ కిందటి ఆ ఆదివారం ఆయన మీద అంత కోపం పెట్టుకున్నందుకు, ఆయన గొంతు తడబడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో ఇన్నేళ్ళూ అడగనందుకు. ఆయన తన చేతిరుమాలు ఇచ్చాడు. అదంతా గొర్రె వాసన.

సోమవారం సాయంత్రం వచ్చే ఆదివారం ప్రసంగం తీశాను. ఈసారి ఒక్క ముక్క దాటలేదు. రెండో పేజీకే ఆయన ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుని గురక తీశాడు. లేపలేదు. అలాగే చివరిదాకా పైకి చదువుతూ కూర్చున్నాను.