పాత కెర్నల్‌ను ఊడ్చేసిన పండగ

ఆయుధపూజకు ముందురోజు మగ్గం కింద పాత నూలుముక్క ఒక్కటి కనిపించినా మా నాయన ఇల్లు పీకి పందిరేసేవాడు. ఆ పిచ్చి నాకూ పట్టుకుంది. నాకు మగ్గం లేదు కాబట్టి సర్వర్లు ఊడుస్తాను.

తిరుత్తణిలో ఒక చిన్న ఆసుపత్రి కంప్యూటర్లను తిరువళ్ళూరు నుంచి నేనే చూస్తాను. అక్కడ తీసిన స్కాన్లు సర్వర్ గుండా మా ఊళ్ళో ఉండే మెదడు డాక్టరుకు వెళతాయి. మొన్న పండగ ముందురోజు ఆ సర్వర్‌కు కొత్త కెర్నల్, అంటే మెషిన్‌ను నడిపే మూల ప్రోగ్రాం, ఎక్కించాను. మెషిన్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేసేదాకా అది పాత కెర్నల్ మీదే నడుస్తుంది. పండగ శుభ్రం కదా అని, ఆపకముందే పాతదాని ఫైళ్ళన్నీ తుడిచేశాను. ఇంతలో స్కాన్ల రద్దీ ఎక్కువైంది. సర్లే, ఆపి ఆన్ చేసే పని తర్వాత చూద్దామని వదిలేశాను.

పండగనాడు పదకొండింటికి రాజామణక్క ఫోన్ చేసింది. స్కాన్ గది ఆమె చేతిలోనే ఉంటుంది.

"హేమనాథూ, స్కాన్ పోలేదు. కే.జీ.కండిగై నాగలింగమని, చెయ్యీ నోరూ పడిపోయినాయి. గడ్డ కరిగే సూది వెయ్యాలంటే డాక్టరు స్కాన్ చూసి చెప్పాలంట. లేటయితే సూది వేసినా లాబం లేదంట."

స్కాన్‌ను ఫోన్‌లో తీసిన ఫొటోలు చూసి అంత మాట చెప్పలేనన్నాడట డాక్టరు. నేను సర్వర్‌లోకి వెళ్ళబోతే అది నన్నే రానివ్వలేదు. స్క్రీన్ మీద ఏముందో అక్కను చదవమన్నాను. ఫైర్‌వాల్ ఫెయిలని చదివింది. బయటివాళ్ళు చొరబడకుండా కాపలా కాసే ప్రోగ్రాం అది, రోజూ పొద్దున తనంతట తాను మళ్ళీ మొదలవుతుంది. ఈసారి దానికి కావలసిన పాత కెర్నల్ ఫైళ్ళు లేవు. అది లేవకపోతే దారులన్నీ మూసేయమని పెట్టిందీ నేనే.

"నెట్‌వర్క్ ప్రాబ్లమక్కా. సర్వర్ ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యి."

"బొట్టు పెట్టి పూజ చేసినాము. రేపు పునర్‌పూజ అయిందాకా ముట్టకూడదు గదా. నెట్‌వర్క్‌ది తప్పయితే మెషిన్‌ని యాల ముట్టేది?"

ఒళ్ళు మండింది. మనిషి ముఖ్యమా బొట్టు ముఖ్యమా అన్నాను.

"అరవద్దు. దాన్ని ముట్టాల్సిన పని ఉందా లేదా, అది చెప్పు."

నెట్ లైన్ వాళ్ళను అడుగుతానని ఫోన్ పెట్టేశాను. ఎవరినీ అడగలేదు. ఇంకో దారి దొరుకుతుందేమోనని నలభై నిమిషాలు గింజుకున్నాను. దొరకదని మొదటి ఐదు నిమిషాల్లోనే తెలుసు. ఒప్పుకోవడానికి సిగ్గేసింది, అంతే.

మళ్ళీ ఫోన్ చేశాను. "అక్కా, తప్పు నాది. నిన్న శుభ్రం చేస్తా, అది నడిచేదానికి కావాల్సిన ఫైళ్ళే తుడిచేసినాను. ఆపి ఆన్ చేస్తే కొత్తదాంతో లేస్తుంది."



"మగ్గం మింద చీర ఉండంగానే పడుగు కోసేసినావు. ఈ మాట అప్పుడే చెప్పుంటే అప్పుడే ముట్టుంటాను గదా. ఉండు."

పునర్‌పూజలో దీపాన్ని కొంచెం ఉత్తరానికి జరిపితే పూజ ముగిసినట్టు, ఇక ముట్టుకోవచ్చు. ఆమె ఆ పని అప్పటికప్పుడే చేసి, దండం పెట్టుకుని బటన్ నొక్కింది. నాలుగు నిమిషాల్లో సర్వర్ లేచింది, ఫైర్‌వాల్ నిలబడింది, స్కాన్లు వెళ్ళాయి. డాక్టరు సూది వేయమన్నాడు.

మర్నాడు రైలెక్కి తిరుత్తణి వెళ్ళాను. నాగలింగానికి మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం లేవలేదు. సూది అరగంట ముందు పడుంటే బాగుండేదని డ్యూటీ డాక్టరు మామూలుగా అనేసి వెళ్ళాడు.

వరండాలో నాగలింగం భార్య రంగనాయకమ్మ నన్ను చూసి లేచింది. కంప్యూటర్ బాగుచేసిన పిల్లోడు నేనేనని ఎవరో చెప్పారట. పండగ బొరుగుల పొట్లం విప్పి, గుప్పెడు తీసి చాచింది.

"తీసుకో అయ్యా. నువ్వు లేకుంటే ఏమైపోయుండేదో."

చెయ్యి చాపలేకపోయాను. "అమ్మా, దాన్ని చెడగొట్టిందీ నేనే. తెలిసి కూడా నలభై నిమిషాలు చెప్పకుండా ఉండినాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. బొరుగులు మళ్ళీ పొట్లంలో పోసి, దాని మూతి మడిచి, భర్తకు అన్నం తినిపించాలని లోపలికి వెళ్ళింది.