దొంగ తూకం

మా అక్క చేతిలోనే త్రాసు ఉందని బజారంతా చెప్పుకుంటారు. కిరాణా కొట్లో సరుకు తూచి పొట్లాలు కట్టడం ఆమె పని. పంచదార తీసి కాగితం మీద పోసిందంటే అడిగినంతే ఉంటుంది. ఆ తర్వాత త్రాసు మీద పెట్టడం కొనేవాళ్ల తృప్తి కోసమే. మా బావ సిటీ బస్సు డ్రైవరు. నేను వాళ్లింట్లోనే ఉంటూ, ముందు గదిలో మెషీను వేసుకుని బట్టలు కుడుతుంటాను. నాకు నోరెక్కువ, అందుకే ఎవరూ చేసుకోలేదని బావ వెక్కిరిస్తాడు. ఆయన్ని చూశాకే మొగుళ్ల మీద మనసు విరిగిందని నేనంటాను.

అక్కకి జపాన్ పిచ్చి ఫోన్లో పట్టుకుంది. అక్కడి కొట్లో ఒకావిడ చిన్న డబ్బాని కాగితం మీద ఏటవాలుగా పెట్టి, రెండు మడతలు వేసి, అటూ ఇటూ దొర్లించి, దారం అన్నది లేకుండా పొట్లం చేసేసింది. రెండు చేతులతో అందించి వంగింది కూడా. అక్క ఆ వీడియోని అన్నం తింటూ చూసేది, జడ వేసుకుంటూ చూసేది.

"ఇన్నేళ్లూ ఊరందరికీ నేనే కట్టాను. నాకు కట్టిచ్చినవాళ్లు లేరు. ఒక్కసారి బల్లకి ఇవతల నిలబడి కట్టించుకోవాలనుందే" అంది ఓ రోజు.

బావ ఎగిరి గంతేశాడు. "నాదీ అదే గోల. జనాన్ని మోసీ మోసీ నడుం పడిపోయింది. అక్కడి రైల్లో నన్నెవరో లాక్కెళ్తుంటే కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి."

ఆ రోజునుంచి మా భోజనాల బల్ల మీద జపాన్ మ్యాపు పరిచారు. కంచాలు దాని మీదే, కొట్లాటలు దాని మీదే. ఓ పట్నం మీద నూనె మరక పడి పేరు కనబడకుండా పోతే, "పోనీలే, ఆ ఊరు చూడొద్దు" అనేశాడు బావ. ఊళ్లోని చెల్లెలింటికి వెళ్లాలన్నా బద్ధకించే మనిషి, రైళ్ల వేళలు బట్టీ పట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని నేను దెప్పిపొడిచేదాన్ని. లోపల మాత్రం వాళ్లిద్దర్నీ చూస్తుంటే ముచ్చటేసేది.

అప్పుడే అక్కకి ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడిందనీ, మందులు ఒంటికి పడితే ప్రయాణం చెయ్యొచ్చనీ, పట్టాయో లేదో కొన్నాళ్లాగితే ఆమె ఒంటికే తెలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. టూరు ఆఫీసులో అమ్మాయి ఇంకో మెలిక పెట్టింది. "మా గుంపులో ఎవరి పెట్టె వాళ్లే మోసుకోవాలండీ. స్టేషన్లలో మెట్లుంటాయి, బస చేసే ఇళ్లకి లిఫ్టులుండవు. మొయ్యగలరో లేదో చూసుకుని నెలాఖరులోగా మాట చెప్పండి."

మా ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. "ఇంకేం, జపాన్ మనింట్లోనే ఉంది" అన్నాడు బావ. రోజూ సాయంత్రం పెట్టెతో మెట్లెక్కడం సాధన చెయ్యాలని తీర్మానమైంది. పెట్టెలో బట్టలు పెడదామంటే అక్క ఒప్పుకోలేదు. బట్టల బరువుకి లెక్కుండదట. కొట్టు నుంచి పంచదార, ఉప్పు, పిండి తెచ్చి తనే తూచి, పొట్లాలు కట్టి పేర్చింది. మొదటిరోజు రెండో అంతస్తు దాకా ఎక్కి కూలబడింది. కింది వాటా ముసలాయన తలుపు తీసి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగాడు.

కొన్నాళ్లకి అక్క పై దాకా వచ్చేసింది. బావ పై మెట్టు మీద నిలబడి, "రైటు రైటు, రానీ రానీ!" అంటూ బస్సుని వెనక్కి తీయిస్తున్నట్టు చేతులూపేవాడు. మందులు పట్టాయని నేనూ సంబరపడ్డాను.

తర్వాత ఓ పొద్దున కుట్టుగుడ్డల మూట విప్పితే అడుగున ఉప్పు పొట్లం కనబడింది. ఇంకా తవ్వితే పంచదార, పిండి. బావని వంటింట్లో నిలదీశాను.

"నెమ్మదిగా మాట్లాడు తల్లీ, నీకు దండం పెడతాను. దానికి ధైర్యం రావాలి. ధైర్యం వస్తే బలం అదే వస్తుంది" అన్నాడు.

"అక్క చెయ్యి సంగతి నీకు తెలీదా బావా?"

"అది తూచేది సరుకుని. పెట్టెని ఎవరు తూస్తారే?"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుందని తిట్టాలనుకున్నాను. ఆయన కళ్లు చూశాక నోరు రాలేదు. నా నోరే మూతపడిందంటే చూసుకోండి. ఆ తర్వాత రోజూ ఒక్కో పొట్లం నా మూటలోకి చేరుతూనే ఉంది. అక్క మెట్లెక్కుతూనే ఉంది. బావ చేతులూపుతూనే ఉన్నాడు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం బావ డ్యూటీలో ఉండగా అక్క నన్ను పిలిచింది. మంచం మీద కూర్చుని, పెట్టె పిడి పట్టుకుని ఉంది.

"ఇందులో ఏమీ లేదు కదూ?"

నేను తల దించుకున్నాను.

"మొదటి పొట్లం తీసిన రోజే తెలిసిందే. అర కిలో ఉప్పు. నాతోనా?" అని నవ్వింది. నవ్వుకీ ఆయాసమే. "కానీ ఒకటి చెప్పనా? నా ఒంట్లో సత్తువ రోజుకెంత తరిగిపోతోందో, ఆ మనిషి సరిగ్గా అంతే తీశాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. నాకంటే తూకం తెలిసినవాడు."

"మరి ఎందుకు చెప్పలేదక్కా?"

"పై మెట్టు మీద ఆయన మొహం చూశావా నువ్వు?"

నాకు ఏడుపాగలేదు. అక్క నా తల నిమిరి, ఆ పొట్లాలన్నీ తెచ్చి మళ్లీ పెట్టెలో సర్దమంది. "ఇవాళ నేను ఎక్కలేను. పొద్దున్నే తెలిసిపోయింది. ఖాళీ పెట్టెతో ఆగిపోతే ఆయన తట్టుకోలేడు. నిండు పెట్టె అయితే దాన్ని తిట్టుకుంటాడు."

సర్దాను. పెట్టె కిందికి దించింది నేనే. అక్క గోడ పట్టుకుని దిగింది.

సాయంత్రం బావ పైనుంచి "రైటు రైటు!" అన్నాడు. అక్క మూడో మెట్టు మీద ఆగి, గోడకి ఆనుకుని, అలాగే జారి కూర్చుంది. బావ రెండేసి మెట్లు దూకుతూ వచ్చి ఒక చేత్తో ఆమెని పట్టుకున్నాడు, రెండో చేత్తో పెట్టె లేపబోయాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వంక చూశాడు. తర్వాత అక్క వంక చూశాడు.

"పెట్టె బరువండీ" అంది అక్క.

బావ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. "అవునే. పెట్టే బరువు. పాడు పెట్టె!" అని దాన్ని కాలితో తన్ని, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. వాళ్లు రావడం లేదని టూరు ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. మర్నాడు భోజనాల బల్ల మీద మ్యాపు లేదు. బల్ల మరీ పెద్దదిగా అనిపించింది.

అక్క కొట్టు మానేసింది. మంచం పట్టింది. బావ డ్యూటీ దిగొచ్చి ఆ వీడియో పెట్టుకుని, నా కొలతల కాగితాలన్నీ మడిచి పాడుచేసేవాడు. స్టీరింగు తిప్పిన చేతులకి మడతలేం వస్తాయి? నేను అరిచేదాన్ని, అరిచి ఇంకో కాగితం ఇచ్చేదాన్ని.

చివరికి ఒక పొట్లం విడిపోకుండా నిలబడింది. ఆ ఆదివారం బావ ఉతికిన యూనిఫాం వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. నా కుట్టుబల్లని మంచం దగ్గరికి జరిపి, అక్కని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాం. బావ చిన్న డబ్బాని కాగితం మీద ఏటవాలుగా పెట్టాడు. మడత వేశాడు, దొర్లించాడు, నాలిక బయటపెట్టి అంచు లోపలికి దోపాడు. అక్క కళ్లార్పకుండా చూసింది. రెండు చేతులతో అందించి వంగాడు.

"చాల్లెండి, నడుం పట్టేస్తుంది" అని అక్క నవ్వి, దోసిలి పట్టింది.

"తూకం చూసుకోండమ్మగారూ, తర్వాత గొడవొద్దు" అన్నాడు బావ.

పొట్లం అరచేతిలో పడగానే చెయ్యి దుప్పటి మీదికి వాలిపోయింది. బావ తన చెయ్యి కింద పెట్టి లేపి పట్టుకున్నాడు. అక్క, కొట్లోలాగే, కళ్లు మూసుకుని ఆలోచించింది.

"రెండు కిలోలుంటుందండీ" అంది.

అది పావు కిలో. డబ్బాలో పంచదార పోసి తూచింది నేనే. కాదక్కా అని నోటిదాకా వచ్చింది. బావ నావైపు చూడనైనా లేదు.

"సరిగ్గా రెండు కిలోలే" అన్నాడు. "నీ చెయ్యి ఎప్పుడు తప్పింది గనక."