గ్లాసు మీద అడ్డంగా ఒక చెంచా

నేను ఒక చిన్న టీ చెంచాను. అంకారా నగరంలో నెర్మిన్ గారింట్లో చక్కెర గిన్నె పక్కన కుదురు లేకుండా కూచుని ఉండగా, పైవాటాలోని కొత్త జంట మెట్లు దడదడలాడిస్తూ దిగి వచ్చింది.

"మా నవనీత రాతపరీక్ష పాసైందండీ," అని మురారి వచ్చీరాని టర్కిష్‌లో చెప్పాడు. నవనీత నవ్వుతూ నిలబడింది, అంతే. విశ్వవిద్యాలయంలో టర్కిష్ భాషాసాహిత్యం ఎం.ఏ.లో చేరడానికి ఇక మిగిలింది మౌఖిక పరీక్షే. అది రేపే. పుస్తకమిస్తే పాత గజళ్లు గడగడా చదివే పిల్ల, ఎదుట మనిషి ఉంటే పెదవి విప్పదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. రేపూ ఇంతే అయితే సీటు పోయినట్టే.

"ముందు టీ," అన్నారు నెర్మిన్ గారు. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి.

నా సంగతి చెప్పాలంటే, రేకుల షెడ్డులో అచ్చు కింద పడి పుట్టాను. ఆవిడ తమ్ముడి టీకొట్టులో పెరిగాను. మనుషులు చిత్రమైనవాళ్లు. చక్కెర ఎప్పుడో కరిగిపోయినా, మనసులోది కరగకపోతే నన్ను తిప్పుతూనే ఉంటారు. కొట్టు మూతపడ్డాక ఇక్కడికొచ్చాను, ఇక్కడా తిరగడమే. తాగినవాళ్లు నన్ను ఖాళీ గ్లాసు మీద అడ్డంగా పెడితేనే నాకు విశ్రాంతి. 'ఇక చాలు' అని దానర్థం. అలా పెట్టనంతవరకూ పోస్తూనే ఉండటం ఇక్కడి మర్యాద.

భీమవరం పిల్లకు ఆ సంగతేం తెలుసు? పోసింది వదిలేయడం తప్పని గ్లాసు ఖాళీ చేసింది. ఆవిడ నింపారు. మళ్లీ ఖాళీ, మళ్లీ నిండుగా. చివరికి విస్తరికి అడ్డం పెట్టినట్టు రెండు చేతులూ గ్లాసు మీద చాపింది.

"చేతులు కాచుకుంటున్నావా తల్లీ, చలిగా ఉంది," అంటూ నెర్మిన్ గారు ఆ చేతుల్ని మెల్లగా తప్పించి మళ్లీ పోశారు.

"ఏవండీ, కడుపు చెరువైపోయింది. మీరైనా చెప్పండి," అని తెలుగులో గొణిగింది నవనీత.

"నేను చెబితే రేపు సీటు కూడా నాకే ఇస్తారు," అన్నాడు మురారి.

టీ పాత్ర మళ్లీ వంగింది.

"పిన్నిగారూ, ఆగండి!" నవనీత నోట టర్కిష్ తన్నుకొచ్చింది. "మా ఊళ్లో వదిలేస్తే తప్పు. మీ ఊళ్లో ఖాళీ చేయడమే తప్పులా ఉంది. నేను చదువుకోవడానికొచ్చానండీ, టీలో మునిగిపోవడానికి కాదు."

తప్పులు దొర్లాయి. తప్పులకెవరూ నవ్వలేదు, మాటకు మాత్రం అందరూ నవ్వారు, తనతో సహా.

నెర్మిన్ గారు నన్ను తీసి ఆమె గ్లాసు మీద అడ్డంగా పెట్టారు. "ఇలా పెట్టుంటే ఎప్పుడో ఆగేదాన్ని."

"మరి ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెబితే నోరు విప్పేదానివా?"

అలా దొరికిన నా విశ్రాంతి ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ నన్ను తుడిచి నవనీత అరచేతిలో పెట్టి, "ఇది నీకే," అన్నారు.

మెట్లెక్కుతూ నవనీత ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. "రేపు బస్సొద్దండీ, నడిచే వెళ్దాం. రొట్టెల కొట్టాయన్ని, పూలావిడని, దారిలో అందర్నీ పలకరిస్తాను. ఈ చెంచా నా కోటు జేబులో ఉంటుంది."

"పరీక్షకు చెంచా ఎందుకు?"

"నా మాటలు చాలనిపిస్తే పరీక్ష చేసేవాళ్లే దీన్ని అడ్డంగా పెట్టుకుంటారు. అప్పటిదాకా నేనాపను."