చేప బొమ్మ దగ్గర చోటు

నేను ఒక రబ్బరు పైపు ముక్కను. ఒంటి మీద పడితే రక్తం రాదు, వాత మాత్రం వారం రోజులుంటుంది.

పుట్టినప్పుడు ఇలా లేను. ఫ్యాక్టరీలో నల్లటి ముద్దను కాచి, యంత్రంలో తోసి, నన్ను పెద్ద చుట్టగా తీశారు. విశాఖలో సముద్రానికి ఎదురుగా పెంకుటింట్లో ఉండే కామేశ్వరమ్మగారు కొనుక్కున్నారు. ఆవిడ నాతో క్రోటన్లకు నీళ్లు పట్టేవారు, వాకిలి కడిగేవారు, ఎండాకాలంలో మనవలను వరసగా నిలబెట్టి తడిపేవారు. నీళ్లు పడితే మనుషులు నవ్వుతారని చాలా ఏళ్లు నమ్మాను.

ఆవిడ పోయాక ఇల్లు కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి ఐదంతస్తుల హోటల్ కట్టారు. కుళాయితో పాటు నేనూ హోటల్‌కు దక్కాను. వాచ్‌మన్ గౌరునాయుడు చేతిలో పడ్డాను.

హోటల్ ముందు ఫుట్‌పాత్ మీద సిమెంటు చేప బొమ్మ ఉంది. టూరిస్టులు దాని నోట్లో తల పెట్టి ఫోటోలు దిగుతారు. దాని తోక పక్కన సన్నెమ్మ, ఆమె భర్త కూర్మయ్య ఉండేవారు. ఫోటో దిగినవాళ్ల ముందు సన్నెమ్మ చెయ్యి చాపేది. నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అడగాలని ఆమెకు తెలుసు. కూర్మయ్యకు మతి సరిగా లేదు. రెండుసార్లు తప్పిపోయి, రెండుసార్లూ ఆ బొమ్మ దగ్గరికే తిరిగొచ్చాడు.

ఊరికి పెద్ద అతిథులు వస్తున్నారని తెలిసింది. బిచ్చగాళ్లను ఎత్తుకుపోవడానికి కార్పొరేషన్ వ్యాను తిరిగింది. సన్నెమ్మ నీళ్లకు వెళ్లిన పది నిమిషాల్లో కూర్మయ్యను ఎక్కించుకుపోయారు. ఏ నిరాశ్రయుల హోముకు తీసుకెళ్లారో ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి ఆమె ఆ చోటు వదల్లేదు.

వదిలించే పని నాది. తెల్లారగానే మోటారు వేసి, గౌరునాయుడు ఆమె మీదికి నన్ను తిప్పేవాడు. ఆ ధాటికి దుప్పటి ఎగిరిపోయేది, మనిషి గోడకు కొట్టుకునేది.

"తడుపు బాబూ, తడుపు. తానం చేసి పది దినాలైనాది. సబ్బు కూడా ఇయ్యి" అనేది సన్నెమ్మ, నోట్లో నీళ్లు ఉమ్మేస్తూ.

"ఏటే నీ మొండితనం? ఆ బస్టాండుకాడ తొంగోలేవా?"

"మా ముసిలోడొస్తాడు. ఆడికి ఈ బొమ్మొక్కటే తెలుసు. నానిక్కడ నేకపోతే ఎటెల్లిపోతాడో."

మేనేజరు శశిధర్ అద్దాల తలుపు వెనక నుంచి చూస్తుండేవాడు. "నీళ్లకి కదలట్లేదుగా. ఇంకేదైనా చూడు నాయుడూ. అతిథులొచ్చే రోజుకి అది ఇక్కడుంటే నువ్వు ఉండవు" అన్నాడు.

ఉద్యోగం పోతే మెట్ల కింద గది కూడా పోతుంది. ఆ గదిలోనే గౌరునాయుడు, భార్య, కూతురు ఉంటారు. అతను కత్తి తెచ్చి, చివర నుంచి జానాబెత్తెడు కోశాడు. చాలదనిపించి ఇంకాస్త పొడుగ్గా మరో ముక్క కోశాడు. నేను ఏ ముక్కలో మిగిలానో అప్పుడే తెలిసింది. కొట్టే ముక్కలో.

వీపు మీద, పిక్కల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద పడ్డాను. మొదటి రోజు అరిచింది. రెండో రోజు చేప తోకను రెండు చేతులా వాటేసుకుని పళ్లు బిగించింది. నడకకు వచ్చినవాళ్లు ఆగి చూసి, చెవుల్లో పాటలు సర్దుకుని వెళ్లిపోయారు. ఐదో రోజు ఆమె ముంజేయి విరిగింది. ఆ చప్పుడు గౌరునాయుడికంటే ముందు నాకు వినిపించింది. ఆ సాయంత్రమే వ్యాను మళ్లీ వచ్చి, నలుగురు పట్టుకుని ఆమెను లోపల పడేశారు. గౌరునాయుడు అన్నం ముట్టలేదని భార్య గొడవ పెట్టుకుంది.

అతిథులు వచ్చారు, మూడు రోజులుండి వెళ్లారు. ఆ తర్వాత ఎవరెక్కడ కూర్చున్నా ఎవరికీ పట్టలేదు. హోముల వాళ్లు అన్నం పెట్టలేక ఒక్కొక్కరినీ వదిలేశారు.

ముందు కూర్మయ్య వచ్చాడు. నేరుగా వచ్చి చేప తోక పక్కన కూలబడ్డాడు. గౌరునాయుడు అలవాటు కొద్దీ నన్ను పట్టుకుని వెళ్లాడు. ఒక దెబ్బ వేశాడు. రెండోది పడేలోపు ముసలాయన నా కొసను ఒడిసి పట్టాడు. వదల్లేదు. గౌరునాయుడు గుంజాడు, తిట్టాడు, చివరికి తనే వదిలేసి వెనక్కి చూడకుండా లోపలికి పోయాడు.

నేను కూర్మయ్య వాడినయ్యాను. ఆ చోటుకు ఎవరొచ్చినా కొట్టేవాడు. ఒక కుక్కను, ఫోటో దిగబోయిన కొత్త పెళ్లికొడుకును కొట్టాడు. పెళ్లికొడుకు స్నేహితులు ఆయన్ను బూటు కాళ్లతో తన్నారు. అయినా ఆయన చోటు వదల్లేదు.

నాలుగో రోజు పొద్దున సన్నెమ్మ వచ్చింది. చేతికి కట్టు, ఒంటి మీద హోము వాళ్లిచ్చిన నైటీ. పేలు పట్టాయని గుండు గీశారు. దూరం నుంచే ఆయన్ను చూసి పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది.

"లెగు. ఇది మా సన్నెమ్మ చోటు" అన్నాడు కూర్మయ్య.

"ఓలమ్మ! నానేనయ్యా, సన్నెమ్మని."

ఆయన గుండు వైపు చూశాడు. "మా సన్నెమ్మకి కొప్పుంది" అని భుజం మీద నాతో బలంగా కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

ఆమె కీచుమంది. తర్వాత కన్నీళ్లతోనే నవ్వింది. "ఎంత బలమొచ్చినాదయ్యా నీకు! అక్కడ కూడు బాగా ఎట్టినట్టున్నారు."

గౌరునాయుడు పరిగెత్తుకొచ్చాడు. "ఒలే, ఇటొచ్చెయ్! చంపేత్తాడు."

"నువ్వు కొడితేనే సావనిదాన్ని, మా ముసిలోడి చేతిలో పోతానేటి? ఎల్లు, ఎల్లు నీ పని సూసుకో."

నేను అందని దూరం చూసుకుని, అంచు రాయి మీద కూర్చుంది. ఎవరో టూరిస్టు ఇచ్చిన ఇడ్లీ పొట్లం విప్పి, సగం ఆకులో పెట్టి కాలితో ఆయన వైపు నెట్టింది. ఆయన ఎడం చేత్తో తీసుకున్నాడు. కుడి చేతిలో నేనున్నాను. తింటూనే ఆయన చూపు రోడ్డు మీదే ఉంది, సన్నెమ్మ ఏ వైపు నుంచి వస్తుందోనని.

ఆమె తల తడిమి చూసుకుంది. జుట్టు ఇంకా గరుకుగానే ఉంది.